నిలబడి తరిగే పలక

5 జనవరి 1981, సోమవారం

మా అబ్బాయి దేవరాజు ఆఫీసులో ఎవరో ఇచ్చారని ఈ డైరీ తెచ్చి నా చేతిలో పెట్టాడు. రిటైరైనదాన్ని, రాయడానికి నాకేముంటుందిరా అన్నాను. పూట గడవకముందే దొరికింది.

కోడలు లూదియా కొత్త పాట అందుకుంది. కూరగాయలు తరగడానికి ఇంట్లో ఒక చెక్క కావాలట. కటింగ్ బోర్డు అంటారట దాన్ని. ఆసుపత్రిలో నర్సుల మెస్సులో ఉందట. వంటగట్టు మీద ఆ చెక్క పెట్టుకుని, దాని మీద వంకాయ పెట్టుకుని, నిలబడి చాకుతో కోయడమట. ఇన్నేళ్లూ వంకాయలు కత్తిపీట మీద తెగలేదా, దానికేం రోగమొచ్చింది అని అడిగాను.

"కత్తిపీటకు ఏం రాల్యా అత్తా. నీ మోకాళ్లకు వచ్చినాది," అంది.

నా మోకాళ్లకు ఏమీ రాలేదు. ఈ సంగతి మొదటి పేజీలోనే స్పష్టంగా రాసిపెడుతున్నాను.

7 జనవరి

ఈ మధ్య కత్తిపీటను బియ్యం డ్రమ్ము పక్కకు మార్చుకున్నాను. అక్కడ గాలి బాగా వస్తుంది.

"ఆడ కిటికీ యాడుంది అత్తా?" అంది లూదియా.

కిటికీ లేనిచోట కూడా గాలి వస్తుంది. నర్సు చదువులో ఇవన్నీ చెప్పరు.

11 జనవరి, ఆదివారం

చర్చి నుంచి వచ్చి అన్నాలు తింటుంటే మొగుడూ పెళ్లాలు చెక్క గురించి మొదలుపెట్టారు. నేను కల్పించుకోకూడదనే అనుకున్నాను. కానీ ఎంతసేపని వింటాం?

దేవరాజు మామిడిచెక్క అన్నాడు, సామిల్లులో చవగ్గా దొరుకుతుందట. మామిడి మెత్తన. నెల తిరక్కముందే గాట్లు పడి, ఆ గాట్లలో తడి చేరి, తడిలో నీచు చేరుతుంది. వేప అన్నాడు. వేపచెక్క మీద కోసిన దోసకాయ మందులా తినాలి. ఆళ్లగడ్డలో శిల్పాలు చెక్కేవాళ్లు ఉన్నారు, మా అమ్మతో చెప్పి నున్నటి రాతిపలక చేయిద్దామా అంది లూదియా. వాళ్ల ఊరి మీద అభిమానం ఉండాల్సిందే, కానీ రాయి మీద కోస్తే చాకు రెండు రోజుల్లో మొండిదవుతుంది. మాంసం కొట్టేవాళ్ల దగ్గర ఉండే మొద్దు ఏ చెట్టుదో ఒక్కరైనా ఆలోచించారా? చింత. గట్టిది, పీచు లేవదు, నీళ్లు పీల్చదు. ముడి, కన్ను లేని చెక్క చూసుకుని, జానా బెత్తెడు వెడల్పు, వేలెడు మందం ఉండేలా కోయించాలి. అంచులు గుండ్రంగా చిత్రిక పట్టించాలి.

"వద్దు వద్దంటానే ఇంత చెప్తాండావే మా," అన్నాడు దేవరాజు.

డబ్బు దండగ కాకూడదని చెప్పాను. కావాలని కాదు.

19 జనవరి

వచ్చింది. చింతచెక్కే. ఒక మూల చిత్రిక సరిగా పట్టలేదు.

ముప్పై ఏళ్లకు పైగా మిషన్ బడిలో పిల్లల చేత పలకల మీద దిద్దించాను. ఇప్పుడు నా కోడలు నాకు పలక తెచ్చిపెట్టింది. దాన్ని పలక అనే అంటాను. కటింగ్ బోర్డు అని నా నోట రాదు.

20 జనవరి

లూదియా డ్యూటీకి పోయే ముందు దాని మీద బెండకాయలు కోసింది. టకటకటక. ఇంట్లో వడ్రంగి పని జరుగుతున్నట్టుంది. ముక్కలన్నీ ఒక్క సైజులో వచ్చాయి. రుచి మాత్రం ఎప్పటిలాగే ఉంది.

21 జనవరి

పలక ముట్టుకోలేదు.

22 జనవరి

ముట్టుకోలేదు.

24 జనవరి, శనివారం

ఇవాళ ఒకటి జరిగింది. రాయకుండా ఉండలేను.

లూదియా పలక మీద చేపలు కోసి, కడుగుదామని కింద పెట్టి, నీళ్లకు పెరట్లోకి పోయింది. అంతలో దేవమ్మ వచ్చింది. మా స్త్రీల సమాజానికి సెక్రటరీ. మా వీధి చివర ఇల్లు. నేను వంట చేస్తుంటే తిన్నగా లోపలికి వచ్చి, కింద చెక్క కనబడగానే చీర సర్దుకుని దాని మీద కూర్చుంది. ఎవరైనా అంతే చేస్తారు. వంటింట్లో నేల మీద చెక్క ఉంటే అది పీట కాక ఇంకేమవుతుంది?

"మంచి పీట చేయించినావు దానమ్మక్కా. రోంత ఎత్తు తక్కువైనాది," అంది.

చెప్పేవరకు ఆగితే కదా. అరగంట కూర్చుని ఊళ్లో సంగతులన్నీ చెప్పి లేచింది. చీర వెనక పొలుసులు తళతళమంటున్నాయి. మా పిల్లి ఆమె వెంట వీధి చివరిదాకా పోయింది. పెరటి గుమ్మంలో లూదియా నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నిలబడింది. నేనూ ఆపుకోలేకపోయాను. మేమిద్దరం అలా నవ్వుకుని చాలా రోజులైంది.

29 జనవరి

లూదియా పలకను రాత్రి తొట్టి నీళ్లలో నానేసి, పొద్దున్నే తీసి ఎండలో నిలబెట్టి డ్యూటీకి పోయింది. మధ్యాహ్నానికి పడవలా వంగింది. గట్టు మీద పెడితే లొడలొడమని ఊగుతోంది.

నాకు సంబంధం లేదు. కానీ చెక్క చెక్కే కదా, పాడైపోతుంటే చూస్తూ ఎలా ఉంటాం? గుంటపడిన వైపు తడిగుడ్డ పరిచి, బోర్లించి, మీద రుబ్బురోలు పొత్రం పెట్టాను.

1 ఫిబ్రవరి

పలక సాపు అయింది. నిమ్మచెక్కకు ఉప్పు అద్ది రుద్దితే చేపల వాసన పోయింది. నీడలో ఆరనిచ్చి, కొబ్బరినూనె వెచ్చచేసి చెక్క పీచు ఎటు పోతే అటే రెండుసార్లు పట్టించాను. మేకుతో ఒక వైపు చివర 'కూ' అని, రెండో వైపు 'మాం' అని గీశాను. కూరగాయలూ మాంసమూ ఒకే వైపు కోస్తే ఎట్లా? కోడలు నర్సు, అయినా ఆ మాత్రం తోచలేదు.

లూదియా వచ్చి వాసన చూసింది. "అత్తా, దీనికి తలంటు పోసినావా?"

నా తలకు రాసుకుంటుంటే కారిందని చెప్పాను. వాడగానే కడిగి, తుడిచి, గోడకు నిలబెట్టమని, మళ్లీ నానేస్తే ఊరుకోనని కూడా చెప్పాను.

3 ఫిబ్రవరి

పదిహేనో తేదీ చర్చిలో కోత పండుగ. గడివేముల వైపు నుంచీ బండి ఆత్మకూరు నుంచీ బండ్లు కట్టుకుని వస్తారు. వడ్లు, జొన్నలు, గుమ్మడికాయలు, కోళ్లు, ఎవరికి పండింది వాళ్లు తెచ్చి అర్పిస్తారు. ముందురోజు మధ్యాహ్నం ఆడవాళ్లమంతా చర్చి ఆవరణలో గోనెపట్ట పరిచి, కత్తిపీటలు వేసుకుని వరసగా కూర్చుని కూరగాయలు తరుగుతాం.

ఆ వరసలో మొదటి చోటు నాది. మా అత్త తన చోటు నాకిచ్చింది. అక్కడ కూర్చున్నామె ప్రార్థన చేసి మొదటి గుమ్మడికాయ కోస్తేనే మిగతావాళ్లు చెయ్యి పెడతారు.

సమాజం మీటింగులో దేవమ్మ అంది: "ఈయేడు అక్కకు కుర్చీ ఏయిద్దాం. ఆడ కూచోని మాకు చెప్తాంటే చాలు."

కుర్చీ! కుర్చీ వేశారంటే దండ తెప్పించే రోజు కూడా దగ్గర్లో ఉందని అర్థం. కుర్చీ వద్దన్నాను, ఎప్పటిలాగే కింద కూర్చుంటానన్నాను. ఆ చోటు పోతే నేను పండుగకు వచ్చి భోంచేసి పోయే ముసలమ్మను. నాకు అది ఇష్టం లేదు.

8 ఫిబ్రవరి

కూర్చున్నాను. లేచాను. డ్రమ్ము పట్టుకోలేదు. చెయ్యి ఆనించాను, అంతే. ఆనించడం పట్టుకోవడం కాదు.

9 ఫిబ్రవరి

ఆనించాను.

11 ఫిబ్రవరి

లూదియా అంది: "శనివారం బోర్డు తీసకపోదాం అత్తా. బల్ల ఏయిస్తా. మొదటి చోట్లోనే బల్ల. నువ్వు నిలబడి కోయి. ఎవురేమంటారు?"

"ఏమీ అనరు. పండ్లికిలిస్తారు," అన్నాను. "నీకు కింద కూచోడం చాతకాకపోతే నువ్వు నిలబడు. నాకు నేర్పాకు."

 లూదియా పలక కడిగి, తుడిచి, గోడకు నిలబెట్టి పోయింది. నేను చెప్పినట్టే, నీడలో. ఒక మాట తిరిగి అంటే నాకు బాగుండేది.

14 ఫిబ్రవరి, శనివారం

కూర్చున్నాను. ప్రార్థన చేశాను. మొదటి గుమ్మడికాయ నేనే కోశాను. ఇక్కడిదాకా అన్నీ బాగానే ఉన్నాయి.

కూరగాయలన్నీ అయ్యాక టీ వచ్చిందని అందరూ లేచారు. నేనూ లేవబోయాను. రెండు మోకాళ్లూ కూడబలుక్కుని మొండికేశాయి. చర్చి ఆవరణ మధ్యలో బియ్యం డ్రమ్ము ఎవరు పెడతారు? పక్కన గోడ లేదు, స్తంభం లేదు. మీరు పోండమ్మా, నేను ముక్కలు చూసి వస్తాను అన్నాను. చూశాను. మళ్లీ చూశాను. వంకాయ ముక్కల్ని అంత శ్రద్ధగా ఎవరూ చూసి ఉండరు.

"ఏందక్కా, ఇంకా లేయల్యా?" అని దేవమ్మ అక్కడినుంచే గట్టిగా అరిచింది. అందరూ ఇటు తిరిగారు. నేను ఇంకో ముక్క తీసి చూశాను.

అప్పుడు లూదియా వచ్చింది. డ్యూటీ నుంచి నేరుగా వచ్చినట్టుంది, తెల్లచీర మీదే ఉంది. నా దగ్గరికి వచ్చి, "అత్తా, నాకు కండ్లు తిరుగుతాండాయి, పట్టుకో," అని నా మీదికి వాలిపోయింది. వాలడం చూసేవాళ్లకు. దాని చేతులు రెండూ నా చంకల కింద ఉన్నాయి. "ఊఁ, లెయ్," అని చెవిలో అంది. ఇద్దరం కలిసి లేచాం. చూసేవాళ్లకు నేనే కోడల్ని లేపి నిలబెట్టినట్టుంది.

నాకెంత సంతోషమైందో. అది కాస్సేపే.

"నాలుగేండ్లకు దేవుడు కన్ను తెరిచినాడే!" అని దేవమ్మ బుగ్గ మీద చెయ్యి పెట్టుకుంది. "లూదియా నీళ్లోసుకున్నాది!"

"అట్లేం ల్యాదు దేవమ్మత్తా. ఎండకు..."

"మొదట్లో అందరూ అట్లే అంటారు లే," అని దేవమ్మ దాని తల నిమిరింది. ఇంకొకామె విసనకర్ర తెచ్చింది. అందరూ చుట్టూ చేరారు. లూదియా ఆ తలల మధ్యనుంచి నా వైపు చూసింది. ఒక్క ముక్క చెప్తే అయిపోయేది. నేను టీ అడిగాను.

బస్సు కండక్టరు యోబు కూడా అక్కడే టీ తాగుతున్నాడు. ఆళ్లగడ్డ బస్సు వేళైందని లేచి, "మీ అమ్మకు నేను చెప్తాలే లూదియా," అని నవ్వుతూ పోయాడు.

అదే రోజు, సాయంత్రం

దేవరాజుకు బజారులోనే ఎవరో చెప్పారట. మల్లెపూల పొట్లం పట్టుకుని పరుగున వచ్చాడు. లూదియా వాణ్ణి గదిలోకి తీసుకుపోయింది. కాస్సేపటికి వాడొక్కడే బయటికి వచ్చి, పొట్లం గూట్లో పెట్టి, చెప్పులేసుకుని వీధిలోకి పోయాడు. నా వైపు చూడలేదు.

రేపు ఎవరైనా అడిగితే కాదని చెప్తే సరిపోతుంది. ఎవరూ అడగరులే. పండుగ హడావుడిలో ఎవరికి గుర్తుంటుంది?

15 ఫిబ్రవరి, ఆదివారం

మొదటి బస్సుకే సలోమి దిగింది. లూదియా వాళ్లమ్మ. ఆళ్లగడ్డలో బట్టలు కుట్టుకుని ఒక్కతే బతుకుతోంది. చేతిలో డబ్బా నిండా సున్నుండలు. నిన్న యోబు చెప్పగానే మినుములు వేయించి తిరగలిలో విసిరిందట. గడప దాటకముందే బిడ్డ ముఖం రెండు చేతుల్లోకి తీసుకుంది. ఆమె కళ్లు కారిపోతున్నాయి.

"అమా, తరువాత మాట్లాడుకుందాం," అంది లూదియా. వాళ్లమ్మ భుజం మీదుగా నన్ను చూసింది. ఆ చూపులో కోపం లేదు. కోపమైతే నాకు జవాబు చెప్పడం తెలుసు.

చర్చి గంట కొట్టారు. అందరం పోయాం. నేను లూదియా భుజం పట్టుకుని చాప మీద కూర్చున్నాను. మాకు ఒక వైపు సలోమి, ఒడిలో డబ్బా. రెండో వైపు దేవమ్మ. కృతజ్ఞతార్పణల వేళ పాస్టరయ్యగారు కాగితం చూసి చదువుతున్నారు. ఫలానావారికి బావిలో నీళ్లు పడినందుకు ఒక కోడి. ఫలానావారి అబ్బాయి పరీక్ష పాసైనందుకు ఒక మూట జొన్నలు. తరువాత, "దేవమ్మగారు, దానమ్మ టీచరుగారి కోడలు లూదియాకు దేవుడు గర్భఫలం ఇచ్చినందుకు, ఒక గుమ్మడికాయ."

చర్చి అంతా మావైపు తిరిగి నవ్వుముఖాలు పెట్టింది. లూదియా తల వంచుకుంది. చాప పుల్ల ఒకటి గోటితో పీకుతోంది. నాలుగేళ్లుగా క్రిస్మస్సుకు ఒకసారి, ఈస్టరుకు ఒకసారి ఈ ఆడవాళ్లంతా దాన్ని అడిగే ప్రశ్న నాకు తెలుసు. ఇవాళ జవాబు వచ్చిందని సంతోషపడుతున్నారు. ఇంకో రెండు నెలలకు కాదని తెలిస్తే, ఏమైందమ్మా, నిలవలేదా అని అడుగుతారు. ఈ పిల్ల నా మోకాళ్ల కోసం ఆ మాట కూడా పడుతుంది. నోరెత్తదు.

నేను నిలబడి మాట్లాడాలి. నిలబడడమే కదా నాకు రానిది.

"నన్ను ఎవరన్నా లేపండమ్మా," అన్నాను. గొంతు పెద్దగానే వచ్చింది, బడి గొంతు కదా. "నా అంతట నేను లేయలేను."

దేవమ్మ ఒక రెక్క, లూదియా ఒక రెక్క పట్టుకుని లేపారు. అయ్యగారు కళ్లజోడు తీశారు.

"అయ్యగారూ, మీరు చదివింది తప్పు. నిన్న లూదియాకు ఏం కాలేదు. నేను కూచున్నదాన్ని లేయలేకపోయినా. పది మందిలో నా పరువు పోకూడదని ఆ బిడ్డ పడినట్టు నటించి నన్ను లేపింది. నాకు తెలిసి కూడా నోరు మూసుకున్నా. దానికి కడుపు లేదు, నాకు మోకాళ్లు లేవు. అదీ సంగతి."

 దేవమ్మ నా రెక్క వదలడం మర్చిపోయింది. అయ్యగారు కాగితం చూశారు, గుమ్మడికాయ చూశారు.

"మరి ఈ అర్పణ ఎవరి పేరు మీద రాయాలమ్మా?"

"నా మోకాళ్ల పేరు మీద రాయండి."

మొదట నవ్వింది లూదియా. తల వంచుకుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని. తరువాత చర్చి అంతా నవ్వింది. నవ్వనిది సలోమి ఒక్కతే. డబ్బా మూత గట్టిగా నొక్కి పట్టుకుని కూర్చుంది. ఆమెను చూస్తే నాకు ఏడుపు వచ్చింది. బిడ్డ కోసం చేసుకొచ్చినవి ఆమె తిరిగి ఆళ్లగడ్డకు ఎట్లా మోసుకుపోతుంది?

ఆరాధన అయ్యాక డబ్బా అడిగి తీసుకున్నాను. "వదినా, ఇవి కూడా నా మోకాళ్లకే," అన్నాను. నేను మెట్ల మీద నిలబడి తలా ఒకటి పంచాను. "పంచు వదినా," అని సలోమి నా పక్కనే నిలబడింది, చివరకు ఆమె కూడా ఒకటి తింది. దేవమ్మ రెండు తీసుకుంది.

పెరుగుపచ్చడికి ఉల్లిగడ్డలు అప్పటికప్పుడు కోయాలి. ఆడవాళ్లు మళ్లీ కత్తిపీటలు వేసుకున్నారు. నేను దేవరాజును పిలిచి ఇంటినుంచి పలక తెమ్మన్నాను. వాడు నన్ను ఒకసారి చూసి, సైకిలెక్కి పోయి తెచ్చాడు. వరస మొదట్లో బల్ల వేయించి, దాని మీద పలక పెట్టించాను, 'కూ' పైకి ఉండేలా. అందరూ ప్రార్థన కోసం నా వైపు చూశారు.

మా అత్త నన్ను ఆ చోట ఎందుకు కూర్చోబెట్టిందో నేను ఎవరికీ చెప్పలేదు. దేవరాజు పుట్టకముందు ఏడేళ్లు నాకు పిల్లల్లేరు. ప్రతి కోత పండుగకూ వరస మధ్యలో కూర్చోబెట్టుకుని అటు ఒకరు ఇటు ఒకరు అడిగేవాళ్లు. ఒక ఏడాది మా అత్త నా చెయ్యి పట్టుకుని లేపి తన చోట్లో కూర్చోబెట్టి, ఇకనుంచి ప్రార్థన నువ్వే చెయ్యమంది. ప్రార్థన చేసేదాన్ని ఎవరూ ఏమీ అడగరు.

లూదియా చెయ్యి పట్టుకుని బల్ల దగ్గరికి తెచ్చాను. "నువ్వు చెయ్యి," అన్నాను.

"నేనా అత్తా?"

"నాకు చాకు పట్టుకోమని చెప్పినావు గదా. ఈ చోటు నువ్వు పట్టుకో."

కళ్లు మూసుకుంది. పంటకు వందనాలు చెప్పింది. వండేవాళ్ల చేతుల్ని దీవించమంది. అత్త మోకాళ్లకు బలమివ్వమంటే వెనక ఎవరో కిసుక్కుమన్నారు. తరువాత ఆగింది.   చివర ఇంకొకటి ఏదో అడిగింది, పెదాలు కదిలాయే గానీ పక్కనున్న నాకు కూడా వినబడలేదు.

దానికి అందరికన్నా గట్టిగా ఆమెన్ అన్నది నేనే.